గాలి విసురును లెక్కలోకి తేవడం: భారీ నిర్మాణాల కోసం టర్బులెంట్ గాలి సిమ్యులేషన్

1965 నవంబరు 1న ఇంగ్లండులోని ఫెర్రీబ్రిడ్జ్ విద్యుత్ కేంద్రంలో ఎనిమిది కూలింగ్ టవర్లకు గాను మూడు పెనుగాలికి కూలిపోయాయి. ఒక్కొక్కటి సుమారు 114 మీటర్ల ఎత్తున్న కాంక్రీటు గోపురం. డిజైన్‌లో వాడిన గాలి వేగం ఒక నిమిషపు సగటు కాబట్టి, కొన్ని సెకన్లపాటు మాత్రమే ఉండే విసురు ఆ అంకెలో కరిగిపోయింది. పైగా గాలికి ఎదురుగా ఉన్న వరుసలోని గోపురాలు తమ వెనుక రేపిన సుడులు రెండో వరుసను చావబాదాయి, కూలినవీ ఆ వెనుక వరుసవే. సగటు వేగం ఒక్కటే తెలిస్తే నిర్మాణం మీద పడే భారం తెలిసినట్టు కాదన్న సంగతిని ఇంతకన్నా కఠినంగా చెప్పిన ఘటన మరొకటి నాకు తోచదు.

టర్బులెన్స్‌తో, అంటే క్రమం లేని సుడుల ఒడుదొడుకుతో కూడిన గాలిని కంప్యూటర్‌లో పుట్టించి, దాన్ని నిర్మాణం మీదకు వదిలి, భారాలను అంచనా వేసే పద్ధతిని ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా వివరిస్తాను. మాటలు గాలిలో తేలిపోకుండా ఒకే ఉదాహరణను వెంట తీసుకువెళ్దాం. 120 మీటర్ల ఎత్తు, 8 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి కాంక్రీటు టవరు, దాని కొసన బరువైన పరికరాల వేదిక, మొదటి సహజ పౌనఃపున్యం 0.25 హెర్ట్జ్, డ్యాంపింగ్ (ఊపును అణచే గుణం) 1 శాతం. అంటే ఇది నాలుగు సెకన్లకు ఒకసారి ఊగే టవరు.

ముందుగా తేల్చుకోవలసినది

ప్రతి కట్టడానికీ ఇంత శ్రమ అవసరం లేదు. పొట్టిగా, బిగువుగా ఉండే భవనానికి ప్రమాణపత్రాలలోని గస్ట్ ఫ్యాక్టర్ పద్ధతి, అంటే సగటు భారాన్ని ఒక గుణకంతో పెంచే పద్ధతి చాలు. పొడవైన వంతెనలు, కేబుళ్ల మీద నిలిచే మాస్టులు, విండ్ టర్బైన్లు, అలసట వల్ల వచ్చే పగుళ్లను లెక్కించవలసిన ఉక్కు చిమ్నీలు, స్థానభ్రంశం పెరిగేకొద్దీ బిగువు మారిపోయే నిర్మాణాలు మాత్రం క్షణక్షణపు గాలిని అడుగుతాయి.

ఈ పద్ధతి పరిధిని కూడా ముందే గుర్తించాలి. గంటల తరబడి ఒకే తీరుగా వీచే బలమైన గాలులకు ఇది సరిపోతుంది. ఉరుములతో కూడిన వానలో పైనుంచి కిందికి దూకే గాలికీ, టోర్నడోకూ సగటు వేగమే నిమిషాలలో మారిపోతుంది కనుక అక్కడ ఇది వర్తించదు. 1940 నవంబరు 7న టకోమా నారోస్ వంతెన కూలడానికి కారణం గాలి విసురు కాదు. దాదాపు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వీచిన గాలిలో వంతెన కదలికే గాలి నుంచి శక్తిని గుంజుకుని ఇంకా ఇంకా పెరిగింది. అటువంటి అస్థిరతను వేరే పరీక్షతో చూడాలి. టర్బులెన్స్ సిమ్యులేషన్ బాగా వచ్చిందని ఆ పరీక్షను వదిలేయడం ప్రమాదకరం.

మొదటి అడుగు: సగటు గాలిని స్థిరపరచడం

గాలిని రెండు భాగాలుగా చూస్తాం. ఒకటి నిలకడగా ఉండే సగటు వేగం, రెండోది దాని చుట్టూ అటూ ఇటూ ఆడే ఒడుదొడుకు. ఈ విభజనకు ప్రకృతిలోనే ఆధారం ఉంది. 1957లో వాన్ డెర్ హోవెన్ ప్రచురించిన గాలి స్పెక్ట్రమ్‌లో, అంటే ఒడుదొడుకు శక్తి ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫులో, నాలుగు రోజుల ఆవర్తన కాలం దగ్గర ఒక శిఖరం, నిమిషం దగ్గర మరొకటి కనిపించాయి. ఆ రెంటి నడుమ, గంట చుట్టుపక్కల, శక్తి దాదాపు లేని లోయ ఉంది. వాతావరణ వ్యవస్థల మార్పులు ఆ లోయకు ఒక ఒడ్డున, నేల గరుకుతనం పుట్టించే సుడులు మరో ఒడ్డున ఉంటాయి. అందుకే సగటును 10 నిమిషాల నుంచి గంట లోపు వ్యవధికి తీసుకుంటాం.

ఇక్కడే చాలామంది కాలు జారుతారు. కొన్ని దేశాల ప్రమాణాలు ఇచ్చే మూల వేగం 3 సెకన్ల విసురు, మరికొన్ని ఇచ్చేది 10 నిమిషాల సగటు. బహిరంగ నేల మీద 10 మీటర్ల ఎత్తులో మొదటిది రెండోదానికి సుమారు 1.4 రెట్లు ఉంటుంది. విసురు వేగాన్నే సగటుగా పెట్టి, దాని మీద మళ్లీ టర్బులెన్స్‌ను కలిపితే పీడనం రెట్టింపు అవుతుంది. మీ చేతిలో ఉన్న అంకె ఎంత వ్యవధికి సగటో కాగితం మీద రాసుకున్నాకే ముందుకు కదలండి.

ఎత్తుతో పాటు వేగం పెరిగే తీరుకు లాగ్ నియమం చక్కగా పనికొస్తుంది. ఎత్తును నేల గరుకుతనపు పొడవుతో భాగించి, ఆ భాగఫలానికి సహజ సంవర్గమానం తీసుకుంటే వేగం దానికి అనుపాతంలో ఉంటుంది. గరుకుతనపు పొడవు సముద్రం మీద 0.0002 నుంచి 0.005 మీటర్లు, బహిరంగ పొలాలలో 0.03, ఇళ్లు నిండిన శివార్లలో 0.3, ఎత్తైన కట్టడాల నగరంలో 1 మీటరు లేదా అంతకు మించి ఉంటుంది. మన టవరు బహిరంగ నేల మీద ఉందని, 10 మీటర్ల ఎత్తులో సగటు వేగం సెకనుకు 28 మీటర్లని అనుకుందాం. 10 మీటర్ల దగ్గర సంవర్గమానం 5.81, 120 మీటర్ల దగ్గర 8.29 వస్తుంది. కాబట్టి టవరు కొసన వేగం సెకనుకు 40 మీటర్లు.

రెండో అడుగు: ఒడుదొడుకు ఎంత, ఎంత పొడవైనది

ఒడుదొడుకు పరిమాణాన్ని టర్బులెన్స్ తీవ్రత చెబుతుంది. ప్రామాణిక విచలనాన్ని సగటు వేగంతో భాగిస్తే అది వస్తుంది. లాగ్ నియమం చెల్లే చోట దాని విలువ సుమారుగా పైన చెప్పిన సంవర్గమానానికి వ్యుత్క్రమం. మన టవరుకు 10 మీటర్ల ఎత్తున 0.17, కొసన 0.12. ప్రామాణిక విచలనం ఎత్తుతో పెద్దగా మారదు, రెండు చోట్లా సెకనుకు 4.8 మీటర్లే. పైకి పోయేకొద్దీ తీవ్రత తగ్గేది ఒడుదొడుకు తగ్గడం వల్ల కాదు, సగటు పెరగడం వల్ల. పక్కకు ఊగే గాలి, పైకీ కిందికీ ఊగే గాలి కూడా కావాలంటే విండ్ టర్బైన్ల డిజైన్‌కు వాడే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61400-1 ప్రకారం వాటి ప్రామాణిక విచలనం ప్రధాన దిశ విలువలో 0.8, 0.5 వంతులు. వంతెనకు నిలువు ఒడుదొడుకే ముఖ్యం. మన టవరుకు ప్రధాన దిశతో మొదలుపెడితే చాలు.

సుడులు సగటున ఎంత పొడవున్నాయో చెప్పేది పొడవు ప్రమాణం. అదే ఐఈసీ ప్రమాణం 60 మీటర్లకు పైన ప్రధాన దిశకు సుమారు 340 మీటర్లు ఇస్తుంది, అంతకు కింద ఎత్తుతో పాటు తగ్గిస్తుంది. ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. స్పెక్ట్రమ్‌కు వాడే రెండు సూత్రాలైన కైమల్ సూత్రంలోని పొడవు, వాన్ కార్మన్ సూత్రంలోని పొడవు పేరుకు ఒకటే అయినా నిర్వచనంలో వేరు. స్పెక్ట్రమ్‌ను ఒక ప్రమాణపత్రం నుంచి, పొడవును మరొకదాని నుంచి తెచ్చి కలిపితే శక్తి తప్పు పౌనఃపున్యం దగ్గర పోగవుతుంది. రెండూ ఒకే చోటి నుంచి తీసుకోండి.

మూడో అడుగు: స్పెక్ట్రమ్

ఒడుదొడుకులోని మొత్తం శక్తి ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత ఉందో పంచి చూపేది స్పెక్ట్రమ్. 1968లో కాన్సస్ మైదానంలో చేసిన కొలతల ఆధారంగా కైమల్, ఆయన సహచరులు 1972లో ప్రచురించిన రూపానికి ఐఈసీ ఇచ్చిన వెర్షన్‌ను వాడుదాం. పౌనఃపున్యాన్ని పొడవు ప్రమాణంతో గుణించి సగటు వేగంతో భాగిస్తే ప్రమాణాలు లేని ఒక సంఖ్య వస్తుంది, దాన్ని ‘క’ అందాం. అప్పుడు:

పౌనఃపున్యం × స్పెక్ట్రమ్ ÷ (ప్రామాణిక విచలనం)² = 4క ÷ (1 + 6క)^(5/3)

మన టవరు కొసన, సహజ పౌనఃపున్యమైన 0.25 హెర్ట్జ్ దగ్గర ‘క’ విలువ 2.125. కుడివైపు విలువ 0.108 వస్తుంది. విచలనపు వర్గం 23.2 కనుక స్పెక్ట్రమ్ విలువ హెర్ట్జ్‌కు సుమారు 10 (మీటర్/సెకను)². ఈ 10 అనే అంకెను గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

నాలుగో అడుగు: పొందిక, అంటే కోహెరెన్స్

ఈ పని మొత్తంలో ఫలితాన్ని ఎక్కువగా మార్చేది ఇదే. అయినా జనం తక్కువ శ్రద్ధ పెట్టేది కూడా దీని మీదే. పెద్ద సుడి టవరునంతా ఒకేసారి కమ్ముకుంటుంది. చిన్న సుడి ఒక్క భాగాన్ని మాత్రమే తాకుతుంది, అదే క్షణంలో పది మీటర్ల పైన గాలి వెనక్కి తగ్గుతూ ఉండవచ్చు. రెండు బిందువుల ఒడుదొడుకులు ఒక్కో పౌనఃపున్యం దగ్గర ఎంత కలిసి కదులుతాయో చెప్పే సంఖ్య కోహెరెన్స్. డావెన్‌పోర్ట్ ఇచ్చిన రూపంలో అది దూరంతోనూ పౌనఃపున్యంతోనూ ఘాతీయంగా క్షీణిస్తుంది. పౌనఃపున్యాన్ని దూరంతో గుణించి, సగటు వేగంతో భాగించి, క్షీణత గుణకంతో హెచ్చవేయగా వచ్చిన సంఖ్య ఎంత పెద్దదైతే పొందిక అంత తక్కువ. నిలువు దూరానికి ఆ గుణకం సుమారు 10, అడ్డ దూరానికి 16 తీసుకోవడం వాడుక.

మన టవరుకు 0.25 హెర్ట్జ్ దగ్గర లెక్క వేద్దాం. 40ని 10తోనూ 0.25తోనూ భాగిస్తే 16 మీటర్లు. అంటే టవరును ఊపగల సుడుల పొందిక 16 మీటర్లకే మూడో వంతు దాకా పడిపోతుంది. 120 మీటర్ల టవరులో అడుగుకూ కొసకూ మధ్య అది దాదాపు సున్నా. బిందువుల మధ్య దూరం ఎంత ఉండాలో ఈ 16 మీటర్లే చెబుతుంది. 20 మీటర్లకు ఒక బిందువు పెడితే మధ్యలో ఏం జరుగుతోందో లెక్కకు తెలియదు. నేను 5 మీటర్లకు ఒకటి చొప్పున 24 బిందువులు పెడతాను. అప్పుడు పక్కపక్క బిందువుల మధ్య పొందిక 0.73 ఉంటుంది.

నేను తొలినాళ్లలో రాసిన ఒక ప్రోగ్రాములో ప్రతి బిందువుకూ స్పెక్ట్రమ్ అచ్చుగుద్దినట్టు వచ్చింది, సగటూ విచలనమూ సరిగ్గా ఉన్నాయి. పునాది దగ్గరి మొమెంట్‌లో (టవరును వంచే ప్రభావంలో) ఒడుదొడుకు మాత్రం అనుకున్నదానిలో నాలుగో వంతు కూడా లేదు. చాలాసేపు నిర్మాణపు మోడల్‌లో తప్పు వెతికాను. చివరికి పక్కపక్కనే ఉన్న రెండు బిందువుల గాలిని ఒకే గ్రాఫు మీద గీసి చూస్తే, 5 మీటర్ల తేడాలో ఒకటి ఎగబాకుతుంటే మరొకటి దిగజారుతోంది. ప్రతి బిందువుకూ ఫేజ్‌లను (తరంగాలు మొదలయ్యే దశలను) విడివిడిగా తీసుకుని, వాటిని పొందిక ప్రకారం కలపకుండానే వాడానన్నమాట. సంబంధం లేని 24 బలాలు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి, మొత్తం ఒడుదొడుకు 24 వర్గమూలమంత, అంటే సుమారు ఐదు రెట్లు తగ్గిపోతుంది. అప్పటి నుంచి ఏ గాలిని పుట్టించినా మొట్టమొదట పక్క బిందువుల గ్రాఫులను ఒకదాని మీద ఒకటి గీసి కంటితో చూస్తాను.

కోహెరెన్స్‌లోనే మరో గుంట ఉంది. కొన్ని పుస్తకాలు దాని వర్గానికి సూత్రం ఇస్తాయి, కొన్ని వర్గమూలానికి ఇస్తాయి. డావెన్‌పోర్ట్ రూపం వర్గమూలానిది, అంటే క్రాస్ స్పెక్ట్రమ్ పరిమాణాన్ని రెండు స్పెక్ట్రమ్‌ల లబ్ధపు వర్గమూలంతో భాగించగా వచ్చేది. ఈ రెంటినీ తారుమారు చేస్తే క్షీణత గుణకం సగమో రెట్టింపో అయినట్టే.

ఐదో అడుగు: కాలం, అంచె

గాలి రికార్డు ఎంత పొడవుండాలి, ఎన్ని సెకన్లకు ఒక విలువ కావాలి అన్నవి రెండూ ఇక్కడ తేలాలి. పౌనఃపున్యపు గీతల (లెక్కలోకి వచ్చే విడివిడి పౌనఃపున్యాల) మధ్య దూరం రికార్డు పొడవుకు వ్యుత్క్రమం. ఎంత ఎత్తు పౌనఃపున్యం దాకా చూడగలమన్నది కాలపు అంచెను రెట్టింపు చేసి వ్యుత్క్రమం తీస్తే వస్తుంది. మన టవరుకు 0.1 సెకను అంచెతో 8192 విలువలు తీసుకుందాం. రికార్డు పొడవు 819.2 సెకన్లు, గరిష్ఠ పౌనఃపున్యం 5 హెర్ట్జ్. 600 సెకన్లు చాలు కదా అనిపించవచ్చు. మిగిలిన 219 సెకన్లు ఎందుకో తొమ్మిదో అడుగులో తెలుస్తుంది.

ఈ ఎంపిక వల్ల ఎంత శక్తి జారిపోతోందో చేత్తోనే లెక్క వేయవచ్చు. కైమల్ రూపాన్ని సమాకలనం చేస్తే ఒక పౌనఃపున్యానికి పైన మిగిలే విస్తృతి (విచలనపు వర్గం) మొత్తంలో (1 + 6క)^(−2/3) అవుతుంది. 5 హెర్ట్జ్‌కు పైన 2.5 శాతం, మొదటి గీతకు చెందిన పట్టీకి అడుగున సుమారు 2 శాతం పోతాయి. రెండూ కలిపి విచలనంలో 2 శాతానికి కొంచెం పైబడిన లోటు. దీన్ని భర్తీ చేయడానికి మొత్తం గాలిని గుణించి పెంచే అలవాటు కొందరికి ఉంది. నేను ఆ పని చేయను. అలా చేస్తే అనునాదం దగ్గర ఉన్న శక్తి కూడా అనవసరంగా పెరుగుతుంది.

ఈ అడుగులో అసలు చూడవలసింది అనునాదపు పట్టీ, అంటే టవరు గట్టిగా స్పందించే పౌనఃపున్యాల మేర. డ్యాంపింగ్ 1 శాతమైతే ఆ పట్టీ వెడల్పు సహజ పౌనఃపున్యంలో 2 శాతం, అంటే 0.005 హెర్ట్జ్. మన గీతల మధ్య దూరం 0.00122 హెర్ట్జ్. కాబట్టి 4096 గీతలు ఉన్నా టవరును నిజంగా ఊపేవి నాలుగే నాలుగు. వెల్డింగ్ చేసిన ఉక్కు చిమ్నీలో డ్యాంపింగ్ 0.2 శాతమే ఉంటే ఆ పట్టీలో ఒక్క గీత కూడా పడకపోవచ్చు. అప్పుడు వచ్చే ఫలితం గాలి గురించి కాదు, గీత ఎక్కడ పడిందన్న యాదృచ్ఛికత గురించే చెబుతుంది. డ్యాంపింగ్ తక్కువైనకొద్దీ రికార్డు పొడవు పెంచండి.

ఆరో అడుగు: గాలిని పుట్టించడం

1972లో షినోజుకా, జాన్ ఇచ్చిన పద్ధతి నేటికీ పునాది. 1988లో వీర్స్ దాన్ని విండ్ టర్బైన్లకు అనువుగా మలిచారు. క్రమం ఇది.

1. ప్రతి పౌనఃపున్యానికీ 24 × 24 మాత్రిక రాయండి. కర్ణం మీద ఆయా ఎత్తుల స్పెక్ట్రమ్ విలువలు ఉంటాయి. మిగతా చోట్ల రెండు ఎత్తుల స్పెక్ట్రమ్‌ల లబ్ధపు వర్గమూలాన్ని కోహెరెన్స్‌తో గుణించి పెట్టాలి. కోహెరెన్స్‌లో రెండు ఎత్తుల వేగాల సగటును వాడండి.
2. ఆ మాత్రికను చోలెస్కీ పద్ధతిలో కింది త్రిభుజాకారపు మాత్రికగా విడగొట్టండి.
3. ప్రతి బిందువుకూ, ప్రతి పౌనఃపున్యానికీ 0 నుంచి 360 డిగ్రీల మధ్య సమాన అవకాశంతో ఒక యాదృచ్ఛిక ఫేజ్ తీసుకోండి.
4. త్రిభుజ మాత్రికను ఈ ఫేజ్‌లతో గుణించి, గీతల దూరానికి తగినట్టు పరిమాణాన్ని సరిచేసి, ఎఫ్‌ఎఫ్‌టీని (కాలశ్రేణిని పౌనఃపున్యాలుగా విడదీసే వేగవంతమైన గణనను) తిరగేసి కాలశ్రేణిగా మార్చండి.
5. వచ్చిన ఒడుదొడుకుకు ఆయా ఎత్తు సగటు వేగాన్ని కలపండి.

రెండో మెట్టు మంత్రంలా కనిపించవచ్చు, నిజానికి చాలా సరళమైనది. 10 మీటర్ల దూరంలోని రెండు బిందువులనే చూడండి. 0.25 హెర్ట్జ్ దగ్గర వాటి పొందిక 0.535. మొదటి బిందువు తన యాదృచ్ఛిక తరంగాన్ని తాను తీసుకుంటుంది. రెండో బిందువు మొదటిదాని తరంగంలో 0.535 వంతును అరువు తెచ్చుకుని, దానికి తన సొంత తరంగంలో 0.845 వంతును కలుపుతుంది. 0.535 వర్గాన్నీ 0.845 వర్గాన్నీ కూడితే 1 వస్తుంది కనుక శక్తి చెక్కుచెదరదు. మూడో బిందువు మొదటి రెంటి నుంచీ అరువు తెచ్చుకుంటుంది, అలా 24వ దాకా సాగుతుంది.

పరిమాణం సంగతి కూడా ఒక్కసారి దగ్గరగా చూద్దాం. ఒక గీత మీది తరంగపు కంపన పరిమితి, స్పెక్ట్రమ్‌ను గీతల దూరంతో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీస్తే వస్తుంది. కొసన 0.25 హెర్ట్జ్ దగ్గర మనం గుర్తుంచుకున్న 10తో లెక్క వేస్తే సెకనుకు 0.156 మీటర్లు. సెకనుకు 40 మీటర్లతో వీచే గాలిలో 16 సెంటీమీటర్ల ఒడుదొడుకు. చేయి చాపితే తెలియనంత చిన్నది. కానీ 1 శాతం డ్యాంపింగ్ ఉన్న టవరు సరిగ్గా తన పౌనఃపున్యం దగ్గరి బలాన్ని యాభై రెట్లు చేసి స్పందిస్తుంది. నిర్మాణం గాలిలో వెతుక్కునేది పెద్ద విసురును మాత్రమే కాదు, తన లయతో కలిసే ఈ చిన్న తరంగాన్ని కూడా.

కంపన పరిమితిని స్థిరంగా ఉంచి ఫేజ్‌ను మాత్రమే యాదృచ్ఛికంగా తీసుకుంటే ప్రతి సిమ్యులేషన్‌లోనూ శక్తి దాదాపు ఒకేలా ఉంటుంది. నిజమైన గాలిలో పది నిమిషాలకూ పది నిమిషాలకూ శక్తి మారుతుంది. అందుకని తీవ్ర విలువల చెదురు ముఖ్యమైన చోట కంపన పరిమితిని కూడా ర్యాలీ పంపిణీ నుంచి తీసుకోవడం మేలు. ఎఫ్‌ఎఫ్‌టీ ఇచ్చే గాలి రికార్డు చివర మళ్లీ మొదటికి వచ్చి కలుస్తుందనీ మరవకూడదు. గంట గాలి కావాలని అదే రికార్డును నాలుగైదు సార్లు అతికిస్తే కొత్త సమాచారమేమీ రాదు.

బిందువుల సంఖ్య వేలల్లోకి పోతే చోలెస్కీ భారమవుతుంది. 1998లో మాన్ ఇచ్చిన పద్ధతి అప్పుడు ఆదుకుంటుంది. గాలిలోని వేగభేదం సుడులను సాగదీసే తీరును అది లెక్కలోకి తీసుకుని, మూడు దిశల గాలినీ ఒక పెట్టెలా ఒకేసారి పుట్టిస్తుంది. ప్రధాన దిశకూ నిలువు దిశకూ మధ్య ఉండే సహసంబంధం అందులో సహజంగానే వస్తుంది. ఆ పెట్టె సగటు వేగంతో, ఆకారం మారకుండా నిర్మాణం మీదుగా దాటిపోతుందని భావిస్తాం. టేలర్ పరికల్పన అంటే ఇదే. చుట్టూ ఇతర కట్టడాలు ఉండి, వాటి వెనుక రేగే సుడులు కావాలంటే ఈ రెండు పద్ధతులూ చాలవు. ఫెర్రీబ్రిడ్జ్ వంటి చోట విండ్ టన్నెల్ గానీ, పెద్ద సుడులను నేరుగా పరిష్కరించే ద్రవగతిక సిమ్యులేషన్ గానీ తప్పవు. ఆ సిమ్యులేషన్‌కు కూడా ప్రవేశద్వారం దగ్గర ఇలా పుట్టించిన గాలినే ఇవ్వవచ్చు.

ఏడో అడుగు: పుట్టిన గాలిని పరీక్షించడం

సగటు, విచలనం, ప్రతి ఎత్తులో స్పెక్ట్రమ్, కనీసం మూడు వేర్వేరు దూరాలలో కోహెరెన్స్, ఇవన్నీ లక్ష్యంతో సరిపోలాలి. కోహెరెన్స్‌ను ఒకే రికార్డు నుంచి కొలిస్తే అంకెలు చిందరవందరగా ఉంటాయి. పది ఇరవై రికార్డులు సగటు చేసి చూడండి. చివరగా 3 సెకన్ల చలన సగటు తీసి, గరిష్ఠాన్ని సగటుతో పోల్చండి. మన టవరు కొసన అది 1.35 చుట్టూ ఉండాలి. 1.1 వచ్చినా 1.8 వచ్చినా ఎక్కడో తప్పుంది.

ఎనిమిదో అడుగు: గాలి నుంచి బలానికి

గాలి సాంద్రత, డ్రాగ్ గుణకం, వైశాల్యం, వేగపు వర్గం, వీటి లబ్ధంలో సగం బలం. సాంద్రత ఘనపు మీటరుకు 1.25 కిలోలు అయితే సెకనుకు 40 మీటర్ల గాలి పీడనం సరిగ్గా 1000 పాస్కల్స్. కొస దగ్గరి 5 మీటర్ల ముక్క వైశాల్యం 40 చదరపు మీటర్లు, డ్రాగ్ గుణకం 0.6 తీసుకుంటే సగటు బలం 24 కిలోన్యూటన్లు, ఒడుదొడుకు విచలనం సుమారు 5.8 కిలోన్యూటన్లు. వేగంలో 12 శాతం ఒడుదొడుకు బలంలో 24 శాతమైంది, ఎందుకంటే బలం వర్గంతో పెరుగుతుంది.

గాలి వేగం నుంచి నిర్మాణపు వేగాన్ని తీసివేసి, మిగిలిన సాపేక్ష వేగాన్నే వర్గం చేయండి. నిర్మాణం గాలి వెంట కదులుతున్నప్పుడు తోపు తగ్గుతుంది, ఎదురు కదులుతున్నప్పుడు పెరుగుతుంది. ఇదే గాలి ఇచ్చే డ్యాంపింగ్. మీటరుకు 20 టన్నుల బరువున్న కాండానికి ఈ వేగంలో అది సుమారు 0.4 శాతం, కొసన అదనపు బరువు ఉంటే ఇంకా తక్కువ. నిర్మాణపు సొంత డ్యాంపింగ్ 1 శాతమే అయినప్పుడు ఇది చిన్నదేమీ కాదు. అయితే సాపేక్ష వేగాన్ని వాడుతూనే గాలి డ్యాంపింగ్‌ను విడిగా కూడా కలిపితే రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

ముఖం వెడల్పైన భవనాలకు, వంతెన డెక్‌లకు ఒక బిందువు దగ్గరి వేగం ఆ ముక్క అంతటికీ వర్తించదు. చిన్న సుడులు ముఖం మీద ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడాన్ని ఏరోడైనమిక్ అడ్మిటెన్స్ ద్వారా లెక్కలోకి తేవాలి.

తొమ్మిదో అడుగు: స్పందన

బలాలను నిర్మాణపు మోడల్‌కు ఇచ్చి, న్యూమార్క్ వంటి పద్ధతితో కాలంలో ముందుకు నడపండి. మొదటి మోడ్‌కు (ఊగే తీరుకు) 0.1 సెకను అంచె ధారాళంగా సరిపోతుంది, ఒక ఊపుకు 40 అంచెలు. రెండో మోడ్ 2 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఒక ఊపుకు ఐదే అంచెలు పడతాయి, అది చాలదు. గాలిని 0.02 సెకనుకు మధ్యవిలువలు పూరించి వాడండి.

నిశ్చలంగా ఉన్న టవరు మీద గాలిని ఒక్కసారిగా వదిలితే అది పెద్దగా ఊగుతుంది. ఆ ఊపు గాలిది కాదు, మనం మొదలుపెట్టిన తీరుది. మన టవరులో అది తగ్గే కాలప్రమాణం సుమారు 64 సెకన్లు. 219 సెకన్లు గడిచేసరికి అందులో 3 శాతమే మిగులుతుంది. అందుకే తొలి 219.2 సెకన్లను పారేసి, మిగిలిన 600 సెకన్లను మాత్రమే లెక్కకు తీసుకుంటాం.

పదో అడుగు: ఎన్నిసార్లు, ఏ అంకె

ఒక్క సిమ్యులేషన్‌తో తృప్తిపడకండి. విండ్ టర్బైన్లకు ఐఈసీ ప్రమాణం ప్రతి సగటు వేగానికీ కనీసం ఆరు పది నిమిషాల రికార్డులు అడుగుతుంది. అది కనీసం మాత్రమే. అనునాదపు పట్టీలో నాలుగు గీతలే ఉన్న మన టవరులో అనునాద భాగపు విస్తృతి ఒక రికార్డు నుంచి మరో రికార్డుకు నాలుగో వంతు నుంచి మూడో వంతు మేర మారుతుంది. నేను 30 సీడ్ సంఖ్యలతో (యాదృచ్ఛిక ఫేజ్‌లను మొదలుపెట్టే సంఖ్యలతో) నడుపుతాను. అన్నీ పూర్తయ్యాక ప్రతి రికార్డులోని గరిష్ఠ మొమెంట్‌ను తీసి, వాటికి గరిష్ఠాల తీరును వర్ణించే గంబెల్ పంపిణీని అమర్చి, సగటు గరిష్ఠాన్నీ చెదురునూ చదువుతాను. ముప్పై రికార్డులలో అన్నిటికన్నా పెద్ద అంకెను డిజైన్ విలువగా తీసుకోవడం తగదు. అలా చేస్తే రికార్డుల సంఖ్య పెంచినకొద్దీ భారం పెరుగుతూ పోతుంది.

సరిచూడటానికి డావెన్‌పోర్ట్ 1964లో ఇచ్చిన శిఖర గుణకం ఉంది. 0.25 హెర్ట్జ్ లయతో 600 సెకన్లు ఊగే టవరుకు అది 3.35, దాని చెదురు సుమారు 0.4. సగటు స్పందనకు విచలనంలో 3.35 రెట్లు కలిపితే వచ్చే విలువ మీ ముప్పై గరిష్ఠాల సగటుకు దగ్గరగా ఉండాలి. గరిష్ఠాల సగటు బాగా తక్కువ వస్తే తొలి దశను పారేసే చోట మంచి గాలిని కూడా పారేశారేమో చూడండి. బాగా ఎక్కువ వస్తే రికార్డు ఆరంభంలోని ఊపు ఇంకా మిగిలి ఉందేమో, లేదా నిర్మాణపు మోడల్‌లో డ్యాంపింగ్ మీరు అనుకున్నంత నమోదు కాలేదేమో చూడండి. గాలి లేకుండా టవరు కొసను పక్కకు లాగి వదిలి, ఊపు తగ్గే తీరును కొలిస్తే ఆ రెండో సందేహం ఐదు నిమిషాల్లో తీరుతుంది. వాడిన ప్రతి సీడ్ సంఖ్యనూ ఫలితం పక్కనే రాసి ఉంచండి. రేపు టవరు గోడ మందం మారితే అదే గాలిని మళ్లీ వీయించి, వచ్చిన తేడా నిర్మాణం వల్ల వచ్చిందా యాదృచ్ఛికత వల్ల వచ్చిందా అన్నది తేల్చడానికి వేరే దారి లేదు.